తొమ్మిది గళ్లలో దుర్యోధనుడు

దుర్యోధనుడు మంచివాడా, చెడ్డవాడా అని నలుగురు తెలుగువాళ్ల మధ్య ఒక్క మాట వదిలి చూడండి. ఆ పూట కాఫీలు చల్లారిపోవలసిందే. ఒకాయన "అభిమానధనుడండీ! స్నేహితుడికి రాజ్యం రాసిచ్చిన మనిషి" అంటాడు. ఇంకొకాయన "లక్క ఇల్లు తగలబెట్టించినవాడికి అభిమానమేమిటండీ, నా మొహం!" అంటాడు. మూడో ఆయన ఇద్దరినీ తోసిపారేసి, అసలు దోషి కృష్ణుడే అని తేలుస్తాడు. ఇంతలో వంటింట్లోంచి ఒకావిడ "మరి ద్రౌపది సంగతో?" అంటుంది. ఆ మాట వినిపించనట్టే వాదన సాగిపోతుంది.

ఈ తగువు మనకొక్కళ్లకే దక్కిన ఆస్తి కాదు. అమెరికాలో కుర్రాళ్లు యాభై ఏళ్లుగా ఇదే తగువు పడుతున్నారు. కాకపోతే వాళ్లు దానికో పట్టిక గీసుకున్నారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట అచ్చువేశారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు సూత్రధారి. మిగిలినవాళ్లు తలొక వేషం కడతారు. ఒకరు వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. రంగూ, కిరీటం ఏమీ ఉండవు, అంతా మాటల్లోనే. సూత్రధారి "గుహలో చీకటిగా ఉంది, లోపల ఏదో గురక వినిపిస్తోంది, ఇప్పుడేం చేస్తారు?" అని అడుగుతాడు. వీళ్లు చేసేదేదో చెబుతారు. చేసిన పని నెగ్గిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మన కాశీమజిలీ కథలో విన్నవాళ్లే పాత్రలై కూచున్నారనుకోండి, అదీ ఆ ఆట.

ఇందులో ప్రతి వేషానికీ స్వభావం ఏమిటో ముందుగా కాగితం మీద రాసుకోవాలి. మొదట మూడే స్వభావాలుండేవి: నియమం, విశృంఖలత, రెంటికీ నడుమ తటస్థం. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ అనే నవలాకారుల కథల్లోంచి తెచ్చుకున్న ఊహ అది. ఆడగా ఆడగా చిక్కొచ్చిపడింది. నియమం తప్పని దుర్మార్గుడు ఉండడా? ఏ కట్టుబాటుకీ లొంగని మంచివాడు ఉండడా? 1976లో గైగాక్స్ ఒక వ్యాసం రాసి, నియమానికీ మంచికీ ముడి విప్పేశాడు. నియమం నుంచి విశృంఖలతకి ఒక గీత, మంచి నుంచి చెడుకి ఇంకో గీత. 1978 నాటికి ఆటగాళ్ల పుస్తకంలో తొమ్మిది గళ్లు స్థిరపడ్డాయి. ఒక మూల నియమం గల మంచివాడు, ఎదురు మూల విశృంఖలుడైన దుర్మార్గుడు, నట్టనడుమ ఎటూ కానివాడు. 2008లో వాటిని అయిదుకి కుదించారు. ఆటగాళ్లు ఊరుకోలేదు. 2014లో మళ్లీ తొమ్మిదీ వచ్చేశాయి. మనిషిని గడిలో కూర్చోబెట్టడంలో ఏదో తృప్తి ఉంది కాబోలు.

మా అక్క కూతురు ఇంజనీరింగు చదువుతోంది. ఆదివారం పూట ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల్లోంచి ఈ ఆట పుస్తకం ఒకటి బేరమాడి తెచ్చుకుంది. స్నేహితులంతా కలిసి మా ఇంటి ముందు గదిలో ఆట మొదలెట్టారు. రెండో వారానికే పెద్ద తగువు. ఒక కుర్రాడి వేషం చేతికి చిక్కిన బందీని, కట్లు కూడా విప్పకుండా, చంపేసింది. మిగతావాళ్లు అదేం పనిరా అంటే, "నేనేం చెయ్యను? నా పాత్ర స్వభావం అంతే. కాగితం మీద రాసే ఉంది చూడు" అన్నాడు. మా పిల్ల నా దగ్గరికి వచ్చి, "పిన్నీ, నువ్వు నవలలు రాస్తావుగా, చెప్పు. స్వభావం అలా ఉన్నవాడు అలా చేస్తే తప్పా?" అంది.

ఆ కుర్రాడికి తెలీదు గానీ, వాడు చెప్పిన జవాబు మన దేశంలో ఏనాడో దుర్యోధనుడి నోట పెట్టినదే. పాండవగీత అనే చిన్న స్తోత్రగ్రంథంలో దుర్యోధనుడు అంటాడు: ధర్మమేదో నాకు తెలుసు, అయినా అటు కాలు కదలదు; అధర్మమేదో తెలుసు, దాన్నుంచి కాలు వెనక్కి రాదు; గుండెలో కూచున్న దేవుడెవరో ఎలా నడిపిస్తే అలా నడుస్తున్నాను అని. వ్యాసభారతంలో ఈ మాట లేదు. తరవాతివాళ్లెవరో అతని మీద జాలిపడి అందించారు. పాత్ర కాగితానికి బదులు దేవుడు, అంతే తేడా. చేసిన పని మాత్రం తనది కాదు.

నాకు ఆ ఆట మీద ఇంకో చిన్న ఫిర్యాదు ఉంది. 1977లో వచ్చిన దాని రాక్షసుల పుస్తకంలో మన "రాక్షసుడు" కూడా ఉన్నాడు. అదే పేరు. పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు, నోట్లో పొగగొట్టం. స్వభావం దగ్గర "నియమం గల దుర్మార్గుడు" అని చీటీ అతికించారు. రాక్షసుడై పుడితే చాలు, గడి ఖాయం! 1980లో వచ్చిన దేవతల పుస్తకంలో మన ఇంద్రుడికీ యముడికీ కూడా తలో గడీ కేటాయించారు. మన ఇళ్లల్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు, ఘటోత్కచుడు రాక్షసుడేనని. 1957లో మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు ఆ వేషం కట్టాక అతన్ని దుర్మార్గుడంటే మన పిల్లలు కొట్టేస్తారు. ప్రహ్లాదుడు ఎవరింటి బిడ్డ? బలి ఎవరి మనవడు? విభీషణుడి మాటేమిటి? పుట్టుకతో స్వభావం నిర్ణయం కాదన్న సంగతి మన కథలు ఎప్పుడో ఒప్పుకున్నాయి. ఆ ఆట ప్రచురించే సంస్థకి 2020లో తట్టింది. ఓర్క్‌లని, డ్రౌలని పుట్టు దుర్మార్గులుగా ఇకముందు చూపించబోమని ఆ ఏడు ప్రకటించింది. ఆలస్యమైనా మంచిదే.

మనవాళ్లు గళ్లు గియ్యలేదా అంటే, గీశారు. పదో శతాబ్దంలో మాళవ దేశపు ముంజరాజు కొలువులో ధనంజయుడు దశరూపకం రాశాడు. నాయకులు నలుగురన్నాడు: ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు. ఈ చివరివాడే మన క్రూరపాత్ర. దర్పం, మాత్సర్యం, మాయ, కపటం, ఆత్మస్తుతి, అన్నీ ఉంటాయి. అయినా అతనూ "ధీరుడే"! అలంకారికులు ఇక్కడ మంచి చెడ్డల లెక్క తియ్యలేదు. రంగం మీద ఎలా నిలబడతాడు, ఎలా మాట్లాడతాడు అన్నదే చూశారు. నటుడికి అది చాలు. కానీ నాటకం చూసి ఇంటికి నడిచివెళ్లే ప్రేక్షకుడికి అది చాలదు. దారి పొడుగునా వాడు మంచీ చెడ్డా తవ్వుతూనే ఉంటాడు.

ఈ తవ్వకానికి ఆబిడ్స్, నాంపల్లి మంచి జాగా. ఒకప్పుడు ఆబిడ్స్‌లో ప్యాలెస్, జమ్రూద్ మహల్ అని సినిమాహాళ్లుండేవి, ఎన్టీ రామారావుగారి రామకృష్ణ థియేటరు ఉండేది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో సురభివారు నాటకాలాడేవారు. ఉర్దూలో బాగె ఆం అనే ఆ తోటలోనే 1938లో నుమాయిష్ మొదలైంది. 1946లో పక్కనున్న ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఒక వీధిలో తెలుగు పద్యం, పక్క వీధిలో ఉర్దూ దాస్తాన్. ఆ దాస్తాన్‌లలో అమీర్ హంజా కథ ఉంది చూశారూ, లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్సు 46 సంపుటాలుగా అచ్చువేసింది, అందులో అమర్ అయ్యార్ అని ఒకడున్నాడు. ధర్మవీరుడైన హంజాకి ప్రాణస్నేహితుడు. మత్తుమందు చల్లి, ఆడవేషం కట్టి, మాంత్రికుల తలలు నరుకుతాడు. శత్రువు ఒంటి మీది బట్టల్ని కూడా తన సంచీలో వేసుకునే పిసినారి. మంచివాళ్ల పక్షాన ఉన్నాడు కాబట్టి అందరికీ ముద్దొచ్చాడు. అవే పనులు ఎదటి పక్షంవాడు చేస్తే? మన పాతాళభైరవి నేపాళ మాంత్రికుడు అయిపోతాడు. 1951 నుంచి ఇప్పటిదాకా పిల్లలు అతన్ని చూసి జడుసుకుంటూనే ఉన్నారు. పని ఒక్కటే, పక్షం మారితే గడి మారిపోతోంది. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక రామారావుగారి సంగతి. క్రూరపాత్రకి తెలుగునాట ఇంత ముద్దు రావడానికి ఆయన చేసినంత పని ఇంకెవరూ చెయ్యలేదు. 1958లో భూకైలాస్‌లో రావణుడు. 1961లో సీతారామ కల్యాణం తనే దర్శకత్వం వహించి మళ్లీ రావణుడు. 1966లో శ్రీకృష్ణ పాండవీయంలో కృష్ణుడూ తనే, దుర్యోధనుడూ తనే. 1977 సంక్రాంతికి దానవీరశూరకర్ణలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, ముగ్గురూ తనే. అదే పండక్కి పోటీగా కురుక్షేత్రం అనే ఇంకో భారతం విడుదలైంది. జనం నాలుగు గంటల సినిమా కూచుని చూశారు. బయటికొచ్చినవాళ్ల నోట కృష్ణుడి గీత కన్నా దుర్యోధనుడి మాటలే ఎక్కువ నానాయి. కొండవీటి వెంకటకవిగారు రాసిన ఆ సంభాషణలు నేటికీ పెళ్లిపందిళ్లలోనూ కాలేజీ వార్షికోత్సవాల్లోనూ వినిపిస్తాయి. దుర్యోధనుడికి యుగళగీతం కూడా పెట్టారు. రాసింది నారాయణరెడ్డిగారు. తరవాత రోజుల్లో రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1985లో నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయం నెలకొల్పితే, కొన్నేళ్లకి దానికి ఉపాధ్యక్షులైనదీ ఆ నారాయణరెడ్డిగారే. దుర్యోధనుడి చేత పాడించినవారు ఉపాధ్యక్షులూ, ఆడించినవారు ముఖ్యమంత్రీ అయిన నేల ఇది. ఆయన అభిమానుల్ని తక్కువ అంచనా వెయ్యకండి!

ఆ సినిమాలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం ఉంది. కర్ణుణ్ణి కులం అడిగి నోరు మూయించబోతే దుర్యోధనుడు లేచి, పెద్దల పుట్టుకలన్నీ ఒక్కొక్కటే ఏకరువు పెట్టి, ప్రతిభకి కులమేమిటని నిలదీస్తాడు. హాలు దద్దరిల్లిపోయేది. దద్దరిల్లవలసిందే. ఆ మాటల్లో అన్యాయం ఏమీ లేదు. తెలుగులో ఆ దారి అప్పటికే పడి ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు "కురుక్షేత్ర సంగ్రామం"లో రాజ్యం మీద కౌరవులకే హక్కని వాదించారు, 1920లో "శంబుకవధ" రాశారు. అమెరికాలో ఆ ఆట అచ్చయిన 1974లోనే ఇక్కడ రంగనాయకమ్మగారి "రామాయణ విషవృక్షం" మొదటి భాగం వచ్చింది. రెండు దేశాల్లో ఒకే ఏడు మంచివాళ్ల మంచి మీద ప్రశ్నలు లేచాయన్నమాట. ఇలా అడగబట్టే మన కథలు బతికి ఉన్నాయి. అసలు భారతమే ఆ అవకాశం ఇచ్చింది. తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడు కృష్ణుడి కపటాలన్నీ లెక్కపెట్టి చెబితే ఆకాశం నుంచి పూలవాన కురిసింది, పాండవుల మీద కాదు, దుర్యోధనుడి మీద. చివరికి స్వర్గానికెళ్లిన ధర్మరాజుకి మొట్టమొదట కనిపించినవాడూ సింహాసనం మీద కూచున్న దుర్యోధనుడే. వ్యాసుడు గడి గియ్యడానికి ఒప్పుకోలేదు.

మరి తేడా ఎక్కడొచ్చింది? మయసభ దగ్గర. దుర్యోధనుడు నీళ్లనుకుని నేల మీద పంచె ఎగ్గట్టి, నేలనుకుని నీళ్లలో పడ్డాడు కదా. అప్పుడు నవ్వింది ఎవరు? ఎవర్నడిగినా "ద్రౌపది" అంటారు. సినిమా అదే చెప్పింది, నాటకం అదే చెప్పింది. వ్యాసభారతంలో ఆ ఘట్టం జరుగుతున్నప్పుడు నవ్వినవాళ్లు భీముడూ, తమ్ముళ్లూ, సేవకులూ. ద్రౌపది కూడా ఆడవాళ్లతో కలిసి నవ్విందన్న మాట, తరవాత ఇంటికెళ్లి తండ్రికి చెప్పుకునేటప్పుడు దుర్యోధనుడి నోట వస్తుంది. అంటే అది ఫిర్యాదుదారు వాఙ్మూలం! మనం దాన్నే తీర్పుగా రాసేసుకున్నాం. అంచేత ఏమయింది? "ఆవిడ నవ్వింది కాబట్టే ఆయన అలా చేశాడు" అనే మాట పుట్టింది. అభిమానధనుడి అభిమానం దెబ్బతింది, ఇంకేం చేస్తాడు, స్వభావం అంతే! మా ముందు గదిలో కుర్రాడి మాటకీ దీనికీ ఎంత దగ్గరో చూడండి.

చట్టమూ మంచీ వేరువేరు గీతలన్న గైగాక్స్ మాట నిజమేనని ఆబిడ్స్ చరిత్రలోనే ఒక కథ ఉంది. ఈ పేటకి పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిడ్ ఆర్మీనియా మూలాలవాడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఆంతరంగిక సేవకుడు. ఇక్కడ దుకాణం పెట్టాడు. 1891లో సిమ్లా నగల వర్తకుడు అలెగ్జాండర్ జేకబ్ ఒక పెద్ద వజ్రాన్ని 46 లక్షలకి నిజాంకి బేరం పెడితే నడుమ నడిచినవాడు ఆబిడ్. సగం సొమ్ము, 23 లక్షలు, ముందే చెల్లింది. రాయి చూశాక నిజాం వద్దన్నాడు. జేకబ్ సొమ్ము తిరిగివ్వలేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. నిజాం అంతటివాడు సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. జేకబ్ నిర్దోషి అని జూరీ వదిలేసింది. అయినా వ్యాపారం కూలిపోయి, ఆ మనిషి 1921లో బొంబాయిలో బీదతనంలో పోయాడు. 184 క్యారెట్లకి పైబడ్డ ఆ వజ్రం మహబూబ్ అలీఖాన్ చెప్పు ముక్కులో పడి ఉంటే కొడుకు చూసి తీసి కాగితాల మీద బరువుకి వాడుకున్నాడు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలతో పాటు కొనేసింది. ఇందులో మోసగాడెవరు, మోసపోయినవాడెవరు? జేకబ్‌కి ఏ గడి, ఆబిడ్‌కి ఏ గడి? కోర్టు చెప్పింది చట్టం సంగతి ఒక్కటే. మంచి సంగతి కోర్టు చెప్పలేదు. మనం మాత్రం రోజూ ఆయన పేరు తల్చుకుంటూ బస్సు దిగుతున్నాం.

వజ్రాల బేరమైతే ఇలా నవ్వుకుని వదిలెయ్యచ్చు. సభలోకి ఒక ఆడదాన్ని జుట్టుపట్టి ఈడ్చుకొస్తే అలా వదిలెయ్యలేం. నన్నయగారు సభాపర్వంలో తెలుగు చేసిన ఆ ఘట్టాన్ని ఒకసారి ఈ తొమ్మిది గళ్ల పట్టిక పక్కన పెట్టుకుని చదవండి. ద్రౌపది ఏడవలేదని కాదు, కానీ మొదట ఆవిడ అడిగింది చట్టం ప్రశ్న. ధర్మరాజు ముందు నన్ను ఒడ్డాడా, తన్ను ఒడ్డుకున్నాడా? తనే దాసుడైపోయాక నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? ఎంత సూటిగా ఉందో చూడండి. దీనికి భీష్ముడు, ఆజన్మ బ్రహ్మచారి, ఇచ్చిన మాట కోసం రాజ్యం వదులుకున్న మనిషి, ఏమన్నాడు? ధర్మం అతిసూక్ష్మం, చెప్పలేకపోతున్నానన్నాడు. ద్రోణుడు ఊరుకున్నాడు, కృపుడు ఊరుకున్నాడు. పట్టికలో "నియమం, మంచి" అనే మొదటి గడిలో కూర్చోబెట్టవలసిన మహానుభావులందరూ నేల చూపులు చూశారు.

మాట్లాడినవాడు ఎవరు? వికర్ణుడు. దుర్యోధనుడి తమ్ముడు, కౌరవుడు. ఇది అన్యాయం, ఈమె గెలుపు సొత్తు కాదన్నాడు. అతని నోరు నొక్కినవాడు ఎవరు? కర్ణుడు. కులం పేరుతో తన నోరు నొక్కితే దుర్యోధనుడు అడ్డంపడ్డ ఆ కర్ణుడే. ద్రౌపదిని అనరాని మాట అని, బట్టలు లాగమన్నదీ అతనే. దాత, వీరుడు, స్నేహానికి ప్రాణమిచ్చినవాడు, అన్నీ నిజం. ఆ పూట అన్న మాట కూడా నిజం. ఆ మాటకి తరవాత తనే పశ్చాత్తాపపడ్డాడు. ఎంచేతంటే తనకి తెలుసు, అది స్వభావం కాదు, చేసిన పని అని.

అప్పుడు విదురుడు ఒక పాత కథ చెప్పాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, సుధన్వుడనే బ్రాహ్మణ యువకుడికీ ఎవరు గొప్ప అని పందెం పడింది, ప్రాణాలు పణం. తీర్పుకి ప్రహ్లాదుడి దగ్గరికే వెళ్లారు. రాక్షసరాజు, కన్నతండ్రి, కొడుకు ప్రాణం పోతుందని తెలిసీ, సుధన్వుడే గొప్పవాడన్నాడు. సభలో అడిగినప్పుడు తెలిసి నోరు మూసుకున్నవాళ్లకి కూడా పాపంలో వాటా ఉంటుందని ఆ కథ సారం. పులి తలా, పొగగొట్టమూ పెట్టి గడి కేటాయించినవాళ్లు ఈ రాక్షసుణ్ణి చూడలేదు. చూసిన భీష్మద్రోణులు వినిపించుకోలేదు.

భారతంలో ఇలాంటి సభ ఇంకోటి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి బృందం ఆడిన మొదటి నాటకం ఏమిటో తెలుసా? కీచకవధ. ఊరికే దొరికిన కథ కాదు అది. సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపదిని కీచకుడు తరుముకొచ్చి విరాటరాజు కొలువులో అందరి ఎదటా తన్నాడు. రాజు ఊరుకున్నాడు, బావమరిది కదా. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు అయితే, నటకత్తెలా ఏడుస్తూ ఇక్కడ నిలబడి జూదానికి అడ్డురాకు, లోపలికి వెళ్లు అన్నాడు. ఆట పాడవుతోందట! సురభివారి గొప్ప ఏమిటంటే, ఆడవేషాలు మగవాళ్లు కట్టే రోజుల్లోనే తమ ఇంటి ఆడవాళ్లని రంగం మీదికి తెచ్చారు. నటకత్తె అని ఈసడించిన కథనే నటకత్తెలు నిలబడి ఆడి చూపించారన్నమాట. ఆ సురభి సంతతివారే మాయాబజారూ, పాతాళభైరవీ, బాలనాగమ్మా పట్టుకుని నాంపల్లి తోటదాకా వచ్చారు.

కీచకుడి గురించి ఇంకో ముక్క. మరాఠీలో ఖాడిల్కర్ 1907లో కీచకవధ రాశాడు. జనం అందులో కీచకుణ్ణి చూసి వైస్రాయి కర్జన్‌ని గుర్తుపట్టారు. ప్రభుత్వం కూడా గుర్తుపట్టింది! 1910లో నాటకాన్ని నిషేధించింది. ఆలోచించండి, ఆ ప్రేక్షకులు కీచకుడిది ఏ స్వభావం, ఏ గడి అని వాదించుకోలేదు. తన్నిందెవరు, దెబ్బ తిన్నదెవరు, చూస్తూ కూచున్నదెవరు అని మాత్రమే చూశారు. ఆ చూపుకే తెల్లవాళ్లు భయపడ్డారు. కీచకుడు నియమం గల దుర్మార్గుడా, విశృంఖలుడా అన్న చర్చకైతే ఎవరూ భయపడి ఉండరు.

ఇంత చెప్పాక ఆ తొమ్మిది గళ్లని పారెయ్యమంటానా? అనను. పిల్లలకి ఒక మంచి సంగతి అవి నేర్పుతాయి. కట్టుబాటుగా ఉండటం వేరు, మంచిగా ఉండటం వేరు అని. భీష్ముడి మౌనం అర్థం కావాలంటే ఆ తేడా తెలియాలి. కాకపోతే ఆ పట్టికలో రెండు గీతలే ఉన్నాయి, రెండూ కొట్టేవాడి లోపలికే చూస్తాయి. వాడి నియమం, వాడి స్వభావం, వాడి అభిమానం. దెబ్బ తిన్నవాళ్ల వైపు నుంచి గీసిన గీత ఒక్కటీ లేదు. మన సినిమాలూ అంతే. దుర్యోధనుడి గుండె కోతకి పేజీలకి పేజీలు రాశాం, ద్రౌపది అడిగిన ప్రశ్న ఒక్క వాక్యం, దానికి జవాబు రాయలేదు. ధృతరాష్ట్రుడు కూడా జవాబు చెప్పకుండా వరాలిచ్చి పంపేశాడు. మొదటి వరానికి ధర్మరాజు దాస్యం వదిలించుకుంది, రెండో దానికి మిగిలిన నలుగుర్నీ విడిపించుకుంది. మూడోది కోరుకోమంటే చాలంది.

మా పిల్ల అడిగినదానికి జవాబు ఇంతే చెప్పాను. "మీవాడి పాత్ర స్వభావం ఎలాంటిదో నాకు అక్కర్లేదే. వచ్చేవారం ఆటలో ఆ బందీ వేషం మీవాడికివ్వండి. చేతులు కట్టేసి ఉన్నాయని చెప్పండి. కత్తి పట్టుకున్నవాడు 'నా స్వభావం అంతే' అంటాడు. అప్పుడు మీవాడు ఏమంటాడో వినండి. ఇంకోటి, బల్ల చుట్టూ ఉన్న మిగతా నలుగురూ ఆ టైములో ఏం చేస్తున్నారో అది కూడా కాగితం మీద రాయండి" అన్నాను.

"నలుగురూ ఊరుకుంటే, పిన్నీ?" అంది.

"ఊరుకున్నారనే రాయండి. వ్యాసుడూ అదే రాశాడు."